మణికట్టు నుంచి గుండెదాకా

“ఆంజియోగ్రాం అయిందటగా, ఇక భయం లేదు” అని పరామర్శకు వచ్చినవారు అనడం పరిపాటి. నిజానికి అది వైద్యం కాదు, పరీక్ష మాత్రమే. గుండెకు రక్తం అందించే నాళాలలో ఎక్కడ, ఎంత పూడిక వున్నదో చూపే ఎక్స్‌రే చిత్రం. ఆ పూడికను బెలూనుతో వెడల్పు చేసి, స్టెంటు అనే సన్నని జాలీ గొట్టం అమర్చడం ఆంజియోప్లాస్టీ. రెండు మాటలకూ మొదలు ఒకటే కావడంవల్ల మన ఇళ్ళలో రెండూ ‘ఆంజియో’ అయి కూర్చున్నాయి. తెలుగు మేష్టరు గనుక మాటల గొడవ ఎత్తుకున్నాడనుకోకండి. సంతకం పెట్టేచోట ఈ తేడాకు చాలా విలువ వుంది.

మెట్లెక్కుతుంటే గుండెల్లో బిగబట్టినట్లు వుండడంతో నాకు ఈ పరీక్ష చేయించమన్నారు. అంగీకార పత్రంలో ‘అవసరమైతే వెంటనే స్టెంటు’ అనే వాక్యం కూడా వుంది. సాక్షి సంతకం చేయవలసిన మా ఆవిడ కలం పక్కన పెట్టి, “అవసరమని తేలితే మాకు చెప్పి వేస్తారా, వేసి చెబుతారా?” అని అడిగింది. డాక్టరుగారు నవ్వి, విడమరచి చెప్పారు. గుండెపోటుతో వచ్చినవారి విషయంలో ఆలోచనకు వ్యవధి వుండదు. నాళం తక్షణం తెరవాలి. నిలకడగా వున్న రోగి మాత్రం చిత్రం చూశాక నిర్ణయించుకోవచ్చు. ఆ మాటే కాగితంమీద రాయించి మరీ సంతకం చేసింది.

ముందుగా రక్తపరీక్షలో క్రియాటినిన్ చూస్తారు. నాళాలు కనిపించడానికి ఎక్కించే అయొడిన్ మందును బయటికి పంపవలసినవి మూత్రపిండాలే గదా! మధుమేహానికి మెట్‌ఫార్మిన్, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడేవారు ఏది ఆపాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరునే అడగాలి; సొంతంగా మానరాదు. వెనుక ఏ మందైనా పడక దద్దుర్లు వచ్చివుంటే దాచకుండా చెప్పాలి. తరువాత కొన్ని గంటల ఉపవాసం. ఏకాదశులు చేసే ఇంట్లో అదొక లెక్క కాదు.

మణికట్టు దగ్గర తిమ్మిరి ఇంజక్షనిచ్చి, సుమారు రెండు మిల్లీమీటర్ల గొట్టం పంపారు. నేను మెలకువగానే వున్నాను. నాళం లోపల గొట్టం పాకుతున్నట్లే తెలియలేదు. మందు ఎక్కినప్పుడు కాస్త వెచ్చగా అనిపించిందంతే. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువవైద్యుడు తన చేతి సిరలోకి తానే గొట్టం దూర్చుకుని, గుండెదాకా పోనిచ్చి ఎక్స్‌రే తీయించుకున్నాడు. 1956లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నేను బల్లమీద పడుకుని ఆ మహానుభావుణ్ణి తలచుకున్నాను.

నాకు ఒక నాళంలో సగంకన్న తక్కువ పూడిక వుంది. మాత్రలు, నడక చాలన్నారు. “ఎలాగూ లోపలిదాకా వెళ్ళారు, ఒక స్టెంటు వేయించుకోకపోయారా మాస్టారూ!” అన్నాడొక మిత్రుడు, బత్తాయిల సంచీ అందిస్తూ.

మణికట్టుకు బిగించిన గాలిపట్టీని కొన్ని గంటలలో కొంచెం కొంచెంగా సడలించారు. తొడ మొదట్లోనుంచి చేస్తే కాలు చాచి కదలకుండా పడుకోవాలి. నన్ను నీళ్ళు బాగా తాగమన్నారు. నీళ్ళు మితంగా తాగవలసిన రోగులు మాత్రం అడిగి తాగాలి. కొద్దిగా కమిలిన మచ్చ సహజమే. రక్తం కారితే ఆ చోట గట్టిగా అదిమిపట్టాలి. ఆగకపోయినా, వాపు పెరుగుతున్నా, వేళ్ళు చల్లబడి మొద్దుబారినా ఆస్పత్రికి వెళ్ళవలసిందే. కొద్దిరోజులు ఆ చేత్తో బరువులెత్తరాదు. నీళ్ళ బకెట్టు కూడా బరువేనని మా ఆవిడ తీర్పు.

రిపోర్టూ, చిత్రాల సీడీ బీరువాలో భద్రం చేశాం. రేపు మరో డాక్టరు అభిప్రాయం కావలసివస్తే ముందుగా అడిగేవి అవే.