తుంటి గిన్నె కుదురుకునే దాకా

పసిబిడ్డకు గుడ్డ మార్చేటప్పుడు ఒక కాలు హాయిగా పక్కకు విచ్చుకుంటుంది, రెండోది సగంలోనే ఆగిపోతుంది. బిడ్డ ఏడవదు, నొప్పీ ఉండదు. అందుకే తుంటి కీలు జారిందేమోనని చెప్పే ఈ గుర్తు కళ్లెదుటే ఉన్నా చాలామంది పట్టించుకోరు. నడక వచ్చాక బిడ్డ కుంటుతుంటే అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తుతారు.

తుంటి కీలు గిన్నెలో కూర్చున్న బంతి లాంటిది. తొడ ఎముక పైకొన బంతి, కటి ఎముకలోని గుంట గిన్నె. బంతి పూర్తిగా బయటికొస్తే కీలు తప్పినట్టు. కొంత లోపల, కొంత అంచు మీద నిలిస్తే పాక్షికంగా జారినట్టు. డాక్టర్లు దీన్ని సబ్‌లగ్జేషన్ అంటారు. ఆడపిల్లల్లో, తొలిచూలు బిడ్డల్లో, కడుపులో ఎదురుకాళ్లతో ఉన్నవారిలో, కుటుంబంలో ఇంతకుముందు ఎవరికైనా ఉన్నప్పుడు ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

పుట్టినప్పుడు ఆ గిన్నెలో చాలా భాగం మెత్తని మృదులాస్థే. నడిమధ్యన కూర్చున్న బంతి ఒత్తిడికే అది లోతవుతుంది. బంతి అంచుకు జారితే గిన్నె లోతుకాదు. గిన్నె లోతుకాకపోతే బంతి నిలవదు. చికిత్సంతా ఈ చిక్కును విప్పడానికే.

చెక్ వైద్యుడు ఆర్నాల్డ్ పావ్లిక్ కాలానికి ముందు బిడ్డ కాళ్లను కదలకుండా బిగించి ఉంచేవారు. దానివల్ల కొందరిలో బంతికి రక్తం అందక ఎముక దెబ్బతినేది. ఆయన మెత్తని పట్టీల హార్నెస్ తయారుచేశాడు. అందులో మోకాళ్లు పైకి మడిచి, తొడలు పక్కకు విచ్చి ఉంటాయి. అయినా బిడ్డ కాళ్లాడించగలదు. ఆరు నెలలలోపు బిడ్డలకు నేటికీ ముందుగా ఎంచుకునేది ఇదే.

పట్టీ వేసిన రోజుతో పని అయిపోదు, మొదలవుతుంది. బిడ్డ వారం వారం పెరుగుతుంది కాబట్టి ఒకటి రెండు వారాలకోసారి డాక్టరు పట్టీల పొడవు సరిచేస్తారు, స్కాన్‌లో బంతి చోటు చూస్తారు. మూడు నాలుగు వారాల్లో అది కుదురుకోకపోతే హార్నెస్ ఆపి వేరే దారి వెతుకుతారు. ఇంట్లో పట్టీలను సొంతంగా వదులు చేయొద్దు, బిగించొద్దు. చర్మం మడతల్లో ఎర్రదనం ఉందేమో రోజూ చూడాలి. బిడ్డ మోకాలు చాచి తన్నడం మానేస్తే తొడ నరం నొక్కుకుపోయిందేమో. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి.

చికిత్స జరుగుతున్న తుంటికి మాలిష్ పేరుతో కాళ్లు లాగి సాగదీయడం మంచిది కాదు. కాళ్లు నిటారుగా బిగించి పొత్తిళ్లలో చుట్టడం ఏ బిడ్డకూ మంచిది కాదు. జపాన్‌లో 1975లో ఆ అలవాటు మాన్పించే ప్రచారం మొదలుపెట్టాక తుంటి జారే కేసులు బాగా తగ్గాయి. మన అమ్మమ్మలు మెడ నిలిచిన బిడ్డను చంకనెత్తుకుంటే కాళ్లు నడుముకు ఇరువైపులా విచ్చుకుంటాయి. తుంటికి కావలసిన భంగిమ అదే.

పట్టీ తీశాక ఆరు నెలలకు, ఏడాదికి ఎక్స్‌రే తీస్తారు. ఆ తర్వాత ఎదుగుదల ఆగే దాకా అప్పుడప్పుడూ చూస్తూనే ఉంటారు. లోతు తక్కువైన గిన్నె చిన్నతనంలో నొప్పి పెట్టదు, నడివయసు రాకముందే కీలు అరగదీస్తుంది. బిడ్డ చక్కగా నడుస్తోంది కదా అని ఏడాది ఎక్స్‌రే మానేయకండి. నడక చెప్పలేని గిన్నె లోతును ఆ ఫిల్మే చెబుతుంది.