వంగని వెన్ను – వందనము

మార్కాపురము శ్రీ లక్ష్మీచెన్నకేశవస్వామి సన్నిధిని సాష్టాంగపడలేక నొచ్చుకొను యువభక్తులు కలరు. నడుము బిగిసిన, ఈ సీమలో అందరును ఫ్లోరైడు నీటినే నిందింతురు. అది నిరాధారము కాదు. 1937లోనే నాటి నెల్లూరు మండలమున వైద్యులు ఆ వ్యాధిని గుర్తించిరి.

కాని నలువదియేండ్లలోపు మొదలై, వేకువను బిగిసి, విశ్రాంతిచే తగ్గక, నడచిన సడలు నొప్పి వేఱు. అది వెన్నెముక కీళ్ళవాపు కావచ్చును. నీరు మార్చినంతమాత్రమున పోదు. కీళ్ళవ్యాధుల నిపుణునికి చూపవలెను. ఉపేక్షించిన పూసలు అతుకుకొనవచ్చును, అతికినవి మరల విడివడవు. ఔషధముతోపాటు నిత్యవ్యాయామము జీవితాంతము సాగవలెను, పొగ మానవలెను. కన్ను ఎఱ్ఱబడి నొచ్చిన ఆనాడే వైద్యుని దర్శింపవలెను. నడుము విఱిపించు మోటువైద్యము మిక్కిలి ప్రమాదకరము. అతికిన వెన్ను సులువుగా విఱుగును.

ఇట్టివారు నిలిచి అంజలి ఘటించిన చాలును. వంగుమని నిర్బంధించు పెద్దలతోనే నాకు పేచీ.