చక్రముల యింటిలో పదునైదు దినములు



దూరప్రయాణ మనగానే మన యిండ్లలో రెండు పక్షము లేర్పడును. ఏ పూట యెక్కడ తినవలెనో, ఏ రాత్రి యెక్కడ పండుకొనవలెనో అంతయు ముందే వ్రాసికొనవలె ననువారు కొందఱు. బయలుదేఱిన పిమ్మట దారియే దారి చూపు ననువారు మఱికొందఱు. ఈ రెంటిలో నేది మేలని యెవరైన అడిగినచో, 2022వ సంవత్సరము జూన్ నెలకు ముందు మేము మా వారి పక్షమే పలికి యుందుము. ఆ నెలలో అమెరికా దేశమున మేము చేసిన ప్రయాణము మా తలంపును కొంత మార్చినది. గృహిణుల కది యుపకరించు నని యిచట వ్రాయుచున్నాము.

మా మఱిది కొలరాడో రాష్ట్రమందలి డెన్వరు నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. మామగారు గతించిన రెండేండ్లకు అత్తగారిని తన యొద్దకు పిలిపించుకొనెను. వేసవి సెలవులలో మా వారును, మేమును, మా యిద్దఱు పిల్లలును వెళ్ళితిమి. అత్తగారి కప్పుడు డెబ్బది రెండేండ్లు, మోకాళ్ళ నొప్పులు. ఆమె కోరిన దొక్కటే. మామగారు బడిలో భూగోళము చెప్పెడివారు. ఎల్లోస్టోను అను చోట ఉడుకునీరు భూమిలోనుండి తాటిచెట్టును మించిన యెత్తునకు చిమ్ము నని ఏటేట పిల్లలకు వర్ణించెడివారట. ఆయన నోట విన్నదానిని తన కంట చూచి ఇంటికి పోవలె నని ఆమె కోరిక.

ఎల్లోస్టోను 1872లో ఏర్పడిన జాతీయవనము. డెన్వరునుండి మార్గమధ్యమున చూడదగిన వన్నియు చూచుచు పోవుటకు మా మఱిది యొక ఆర్వీని అద్దెకు తెచ్చెను. ఆర్వీ యనగా చక్రములపై నడచు ఇల్లే. పొయ్యి, ఫ్రిజ్, మరుగుదొడ్డి, ఏడుగురికి పడకలు అందే అమరియుండెను. అడుగున మూడు తొట్లు: ఒకటి మంచినీటికి, ఒకటి వంట, స్నానముల వాడుకనీటికి, మూడవది మరుగుదొడ్డికి. రాత్రి విడిది చేయు చోట్ల నీటి గొట్టమును, విద్యుత్తు తీగను తగిలించుకొందురు.

మా వారు ఉపాధ్యాయులు గదా! బడి పట్టికవలె పది దినముల పట్టిక వ్రాసిరి. లేచు వేళ, కదలు వేళ, మైళ్ళు, భోజనము, అన్నియు అందు కలవు. వనములో జూన్ 14, 15, 16 తేదీల రాత్రులకు విడిది నెలల క్రిందటనే కుదిర్చిరి. వేసవిలో అచట అప్పటికప్పుడు చోటు దొరకుట దుర్లభము. కావున ఈ ముందుచూపు తప్పని మే మనము.

జూన్ 11న బయలుదేఱితిమి. ఆ దినమే ఆ దేశమున పెట్రోలు సగటు ధర తొలిసారి గాలనుకు 5 డాలర్లు దాటినది. మా బండి గాలనుకు తొమ్మిది మైళ్ళకు మించి నడువదు. తొలినాటి మజిలీ ర్యాపిడ్ సిటీ; దూరము సుమారు 390 మైళ్ళు. పట్టికలో ఆఱు గంటలు; మాకు పట్టినది పది గంటలు. ఒక మలుపులో అలమర గడియ యూడి సాంబారు గిన్నె దొర్లెను. పప్పు ఏరులై పాఱినది. శుభ్రము చేయుటకు బండి నాపుద మన్నచో పట్టికలో ఆపు లేదు! మఱునాడు రష్‌మోర్ కొండపై చెక్కిన నలుగురు దేశాధ్యక్షుల ముఖములను చూచితిమి. ఒక్కొక్క ముఖము అఱువది యడుగులు. పిల్లలు ఇంకను నిలుతు మనిరి. గడియారము వల దనెను.

13వ తేదీ సాయంకాలమునకు వయోమింగు రాష్ట్రమున బఫలో అను చిన్న పట్టణము చేరితిమి. విడిదిలో పొరుగు బండివా రొక వార్త చెప్పిరి. కొండలపై మంచు కరగుచుండగా పెద్దవాన కురిసి, ఏఱులు పొంగి, వనమునకు ఉత్తరపు దారి కొట్టుకొనిపోయినదట. ద్వారము లన్నియు మూసిరట. లోపల నున్న పదివేలమందికి పైగా యాత్రికులను వెలుపలికి పంపుచున్నారట.

ఆ రాత్రి మా చక్రముల యింట పెద్ద తగవు పుట్టెను. "పట్టిక చెడిన పిమ్మట ప్రయాణ మేమున్నది? తెల్లవాఱగానే వెనుకకు మరలుదము" అని మా వారనిరి. "అన్నయ్యా, ద్వారము దగ్గఱకే పోయి కూర్చుందము. రేపో మాపో తెఱవకపోరు" అని మఱిది యనెను. ఇరువురి కంఠములును హెచ్చినవి. పిల్లలు బిక్కమొగములు వేసికొని చూచుచుండిరి. అత్తగారిని మాత్ర మెవ్వరు నడుగలేదు.

అప్పుడు మా తోడికోడలు అత్తగారి పాదములు వాచియుండుట చూచినది. అడుగగా అడుగగా ఆమె చెప్పిన మాట యిది: "నా కోసం మాటిమాటికీ బండి ఆపితే మీ పట్టిక చెడుతుందని రెండు రోజులుగా నీళ్ళు తాగడం మానేశానమ్మా. నడుస్తున్న బండిలో లేచి దొడ్డికి పోవడానికి నా మోకాళ్ళు నిలవవు."

అన్నదమ్ములు తల వంచుకొనిరి. ఆమె చూడవలె నన్న దానికై బయలుదేఱి, పట్టిక పేర ఆమెకే దాహము కలిగించితిమి. పట్టిక లేకుండ తిరుగుద మన్నవాడైనను ఆమె ఎంత దూరము కూర్చుండగలదో విచారించి యుండలేదు. ఇందు మా తప్పును లేకపోలేదు. ఆ రెండు దినములును ఆమె చేతికి గ్లాసు నిచ్చినవారము మేమే. అది నిండుగనే తిరిగివచ్చుట గమనింపలేదు.

భారతములోని అరణ్యపర్వము అప్పుడు మాకు జ్ఞాపకమునకు వచ్చినది. గంధమాదనమునకు పోవు దారిలో గాలివానకు సొలసి ద్రౌపది మూర్ఛిల్లును. మహావీరులగు పాండవులు తమ నడకను నిలిపి, ఆమె సేదదీఱువఱకు కాచుకొందురు. పిమ్మట భీముడు తలచిన ఘటోత్కచుడు వచ్చి ఆమెను మోసికొని పోవును. ప్రయాణపు వేగమును నిర్ణయింపవలసినది బలవంతుడు కాదు, బడలిన మనిషి యని మాకు తోచినది.

మఱునాటినుండి పట్టిక మా చేతికిని, తోడికోడలి చేతికిని వచ్చెను. పట్టికలో వ్రాసిన దారి 14ఏ సంఖ్య గలది. అది మిక్కిలి యందమైనదే కాని, నూఱడుగులకు పది యడుగుల దిగుడు కలది. బరువు బండికి 16వ సంఖ్య దారి మేలని విడిది నడపు నామె చెప్పెను. ఆ దారినే పోయి, 9,666 అడుగుల యెత్తునగల పౌడర్ రివర్ కనుమను దాటితిమి. జూన్ మాసమందును దారి ప్రక్కల మంచు గుట్టలుండెను. దిగునప్పుడు బ్రేకు వేడెక్కకుండ మఱిది గేరును తగ్గించి మెల్లగ నడపెను. గంట కొకసారి బండి నాపితిమి. అత్తగారు ఆపినపుడెల్ల దిగిరి, నీరు త్రాగిరి.

ఆ సాయంకాలము థర్మోపొలిస్ అను ఊరు చేరితిమి. పట్టికలో ఆ పేరే లేదు. అచట వేడినీటి యూటలు కలవు. 1896లో షోషోని, అరాపహో జాతులవారితో జరిగిన యొడంబడికచే ఆ యూటలు ప్రభుత్వము పాలైనవి. ప్రభుత్వ స్నానశాలలో నేటికిని రుసుము లేదు. ఇరువది నిమిషముల స్నానమున కెల్లరను అనుమతింతురు. అత్తగారు మోకాలి లోతున కూర్చుండి, "భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే ఇలాగే వేడినీళ్ళు ఊరేవి. మీ మామగారు చూపించారు" అని చాల కాలమునకు నవ్విరి. అచటనే వారము దినములు నిలిచితిమి. ఆమె పాదముల వాపు తీసినది.

ఆ తీఱిక దినములలో తోడికోడలు మాకొక కథ చెప్పెను. 1909లో ఆలిస్ రామ్సే అను ఇరువది రెండేండ్ల యిల్లాలు ముగ్గురు స్త్రీలతో కలసి, న్యూయార్కునుండి శాన్ ఫ్రాన్సిస్కోవఱకు తానే మోటారు నడుపుకొని 59 దినములలో చేరెను. వెంట వచ్చిన మువ్వురికిని నడుపుట రాదు. "పసుపుపచ్చ యింటి యొద్ద మలుగవలెను" అని ఆమె దారి పుస్తకములో నుండెనట. ఎంత వెదకినను అట్టి యిల్లు లేదు. మోటారులనిన గిట్టని ఆ యింటి యజమానుడు గోడలకు ఆకుపచ్చ రంగు వేయించెను! ఒక చోట ఏఱు పొంగగా, అది తీయువఱకు ఆ స్త్రీలు బండిలోనే రాత్రి గడపిరి. ఆమె వెంట దారి పుస్తకమును ఉండెను. అది పనికిరానప్పుడు నిలిచి చూచు నోర్పును ఉండెను.

ఇంతలో వనములోని దక్షిణభాగమును జూన్ 22న తెఱతు రని తెలిసెను. బండిని 20న అప్పగింపవలసి యుండెను. మఱి యైదు దినముల అద్దె భారమే. మా మఱిది సెలవు పొడిగింపు కోరెను. సాల్ట్ లేకు పట్టణమును, పిల్లలకు కొనదలచిన వస్తువులను మానుకొంటిమి. ఆ దినములలో బండి సంఖ్య యొక్క చివరి యంకె సరియైనచో సరి తేదీలందు, బేసియైనచో బేసి తేదీలందు లోనికి విడుచుచుండిరి. మా బండి యంకె నాలుగు. మేము చేసిన యేర్పా టేదియు ఇందు లేదు, ఈశ్వరుని యనుగ్రహమే.

22న ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అను ధార యొద్ద అత్తగారిని ముందు వరుసలో కూర్చుండబెట్టితిమి. అది సుమారు గంటన్నర కొకసారి చిమ్మును. తరువాత చిమ్ము వేళను పలకపై వ్రాసియుంచి, పది నిమిషములు ముందు వెనుకలు కావచ్చు నందురు. దానిని చదివి మా వారు, "భూదేవి పట్టికలో సయితము సడలింపున్నది" అనిరి. తెల్లని ధార ఆకాశమునకు లేచినది. అత్తగారు చేతులు జోడించి, "ఆయన చెప్పింది నిజమే" అని మాత్ర మనిరి. 25న డెన్వరు చేరితిమి.

సోదరులారా, సోదరీమణులారా, మాకు తెలిసినంత చెప్పుదుము. దారిలో అప్పటికప్పుడు దొరకని వాటిని గట్టిగా ఏర్పాటు చేసికొనుడు: కిక్కిరిసిన క్షేత్రమున రాత్రి విడిది, మందులు, త్రాగునీరు, ఆపద్ధనము. వంట యేర్పాటును మఱువరాదు. ఏడెనిమిది వేల యడుగుల యెత్తున నీరు తక్కువ వేడికే మఱుగును. ప్రెషరు కుక్కరు లేనిది కందిపప్పు త్వరగా ఉడుకదు. అలమర గడియలు వేసి గాని బండిని కదలనీయకుడు. ఆర్వీలో దినమునకు రెండు వందల మైళ్ళు మించకున్న మేలు. నాలుగు దినముల కొక దినమును పట్టికలో ఖాళీగా విడువుడు. చెడిన దినమును అది పూడ్చును.

ఇక మనుష్యుల విషయమున పట్టిక వలదు. పసివాని యేడుపునకు, వృద్ధురాలి బడలికకు వేళ వ్రాయ నెవ్వరి తరము? రాత్రి పండుకొనుటకు ముందు, అందఱిలో బలహీనులైనవారిని చేరబిలిచి, "రేపు ఎంత దూరము పోగలరు?" అని యడుగుడు. "నా కేమి, మీ యిష్టము" అని వారనిన, ఆ మాటను నమ్మక, వారి చేతి గ్లాసులోని నీరు తఱిగినదో లేదో చూడుడు.