వెండితెర విమానాల్లో వింత తప్పులు

విమానాల చుట్టూ అల్లిన థ్రిల్లర్లకు తప్పుల పోటీ పెడితే మొదటి బహుమతి 1990 నాటి ‘డై హార్డ్ 2’కే ఇవ్వాలి. వాషింగ్టన్ శివార్లలోని డల్లెస్ విమానాశ్రయాన్ని దుండగులు గుప్పిట్లో పెట్టుకోవడం అందులో కథ. అక్కడి ఫోన్ బూత్ మీద ‘పసిఫిక్ బెల్’ అన్న పేరు కనిపిస్తుంది. అది పడమటి తీరాన ఉన్న కాలిఫోర్నియా టెలిఫోన్ కంపెనీ. డల్లెస్ ఉన్నదేమో దేశానికి తూర్పు కొసన! షూటింగ్ ఎక్కడ జరిగిందో ఆ ఒక్క పేరే బయటపెట్టేసింది.

దానికంటే పెద్ద లోపం కథలోనే ఉంది. కంట్రోల్ టవర్ రేడియో మూగబోయిందనీ, పైన చక్కర్లు కొడుతున్న పైలట్లకు కబురందించే దారే లేదనీ మనల్ని నమ్మిస్తారు. ఒక బీకన్ ద్వారా మాట పంపడానికి ఇంజనీరు నానా తంటాలూ పడతాడు. కానీ సినిమా మొదట్లోనే హీరో భార్య తన సీట్లో కూర్చుని, విమానంలోని ఫోన్‌లో భర్తతో మాట్లాడింది కదా! చివర్లో అదే విమానంలోని టీవీ విలేకరి టాయిలెట్‌లో దూరి, ఫోన్‌లో ప్రత్యక్షంగా వార్తలు చెబుతాడు కూడా. ప్రయాణికులు వాడుకుంటున్న ఆ ఫోన్‌తో పైలట్‌ను హెచ్చరించాలని ఎవరికీ తట్టకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పైగా విమానంలోని రేడియో ఒక్క టవర్‌కే కట్టుబడి ఉండదు. ఫ్రీక్వెన్సీ మారిస్తే మరో కేంద్రం పలుకుతుంది.

ఎక్స్‌రేకి చిక్కదంటూ హీరో భయపెట్టే ‘గ్లాక్ 7’ సంగతి మరీ విడ్డూరం. అది జర్మనీలో చేసిన పింగాణీ తుపాకీ అంటాడు. గ్లాక్ ఆస్ట్రియా కంపెనీ. ఆ నంబరుతో దానికి తుపాకీయే లేదు. పిడి భాగం ప్లాస్టిక్‌దే అయినా గొట్టం, పైభాగం ఉక్కువి కాబట్టి ఎక్స్‌రేలో స్పష్టంగా పడుతుంది. ఇక పతాక సన్నివేశంలో మంచు మీద కారిన ఇంధనాన్ని హీరో లైటర్‌తో అంటిస్తే, మంట పరుగెత్తుకెళ్లి గాల్లోకి లేచిన విమానాన్ని పేల్చేస్తుంది. జెట్ ఇంధనం కిరసనాయిలు జాతిది. సుమారు 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే తప్ప అంటుకునేంత ఆవిరి వదలదు. మంచులో అంత వేడి ఎక్కడిది?

1997లో వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ తీసిన ‘ఎయిర్ ఫోర్స్ వన్’ అచ్చమైన హైజాక్ కథ. అందులో అమెరికా అధ్యక్షుడు తప్పించుకోవడానికి విడిపోయే గది ఒకటి ఉంటుంది. అసలు విమానంలో అలాంటిదేమీ లేదు. కాక్‌పిట్ మొత్తం గదిలా ఊడి ప్యారాచూట్లతో దిగే ఏర్పాటు ఎఫ్-111 యుద్ధ విమానంలో నిజంగానే ఉండేది. అయితే అందులో పట్టేది ఇద్దరే. సినిమాలో సిబ్బంది విమానం వెనుక తెరుచుకున్న ర్యాంప్ మీదుగా దూకేస్తారు. ఆ ర్యాంప్ కూడా కల్పనే. 1971 నవంబరులో డి.బి. కూపర్‌గా పేరుపడిన హైజాకర్ 2 లక్షల డాలర్లతో దూకాడంటే, అది బోయింగ్ 727 కాబట్టి. దాని తోక కింద మెట్లుంటాయి. ఆ ఉదంతం తర్వాత, గాల్లో ఆ మెట్లు దిగకుండా ఎదురుగాలి తాకిడికే తిరిగి అడ్డుపడే చిన్న రెక్కను అమర్చారు. దాని పేరు కూపర్ వేన్.

ఈ సినిమాలో ఒక్క విషయం మాత్రం మెచ్చుకుని తీరాలి. చివర్లో అధ్యక్షుణ్ని కాపాడిన వేరే విమానం, ఇకపై తన పేరే ‘ఎయిర్ ఫోర్స్ వన్’ అని రేడియోలో ప్రకటిస్తుంది. అక్షరాలా నిజం. అది ఒక విమానానికి పెట్టిన పేరు కాదు. అధ్యక్షుడు ఎక్కిన వైమానిక దళ విమానం ఏదైనా ఆ పిలుపు దానికే చెందుతుంది.

తుపాకీ పేలితే విమానం చీలిపోతుందన్న భయాన్ని జనంలో బాగా నాటింది 1964 నాటి బాండ్ చిత్రం ‘గోల్డ్‌ఫింగర్’. అందులో ఒక్క గుండుకు కిటికీ బద్దలై, గాలి విలన్‌ను బయటికి లాగేస్తుంది. నిజానికి విమానం లోపలి గాలి కొంత ఎప్పుడూ ఒక వాల్వ్ గుండా బయటికి పోతూనే ఉంటుంది. గుండు చేసే కన్నం దానికి మరో చిన్న దారి, అంతే. చిన్న కన్నం మాట అలా ఉంచండి, 1988 ఏప్రిల్ 28న హవాయి మీద 24,000 అడుగుల ఎత్తులో అలోహా ఎయిర్‌లైన్స్ 737 పైకప్పు దాదాపు 18 అడుగుల మేర ఎగిరిపోయింది. ఒక ఎయిర్‌హోస్టెస్ ప్రాణాలు కోల్పోయింది. అయినా మిగిలిన 94 మందితో ఆ విమానం నేలకు దిగింది. విమానాన్ని నిర్మించినవాళ్ల పనితనానికి సినిమాలు చేసే అన్యాయం ఇదే అనిపిస్తుంది నాకు.

తప్పు కాకపోయినా తప్పుగా పేరుపడ్డదీ ఒకటుంది. 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ఐసీ 814’ సిరీస్‌లో హైజాకర్లు భోలా, శంకర్ అని పిలుచుకోవడం చూసి, పేర్లు మార్చేశారంటూ చాలామంది మండిపడ్డారు. కానీ 1999 డిసెంబరులో ఐసీ 814 విమానం నిజంగా హైజాక్ అయినప్పుడు అందులో వాళ్లు వాడిన మారుపేర్లు అవే: చీఫ్, డాక్టర్, బర్గర్, భోలా, శంకర్. 2000 జనవరి 6న కేంద్ర హోం శాఖ ఇచ్చిన ప్రకటనలోనే ఆ ఐదూ ఉన్నాయి. వివాదం రేగాక నెట్‌ఫ్లిక్స్ సిరీస్ ఆరంభంలో అసలు పేర్లను, మారుపేర్లను కలిపి చూపడం మొదలుపెట్టింది.