ఏటి నీరు - రంగు బాన
(దేశనూరు గట్టున విన్న మాటలు)

బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో తుంగభద్ర ఒడ్డున దేశనూరు అను గ్రామము కలదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రములో చేరినవి. సిరుగుప్ప మైసూరులో చేరినది. రాష్ట్రములు వేరైనను ఈ సరిహద్దు పల్లెలలో తెలుగు, కన్నడము కలిసియే వినబడును. ఏరు అందరికీ ఒకటే.

ఆ ఏటిని గురించియు, ధర్మముగా బ్రతుకుటను గురించియు అక్కడివారు ఏమనుకొనుచున్నారో విని మన సభ్యులకు తెలుపవలెనని ఇటీవల ఒక ఉదయము అక్కడికి వెళ్ళినాము. మగ్గము మీద కూర్చొను వానికి ఏటితో ఏమి పని అని కొందరు సోదరులకు తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది.

రచ్చకట్ట మీద ముందుగా మాట కలిపినది ఒక వృద్ధ రైతు. "నీళ్లొస్తే వరి, రాకుంటే వలస. ఇంతే గదప్పా మా బతుకు" అన్నాడు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయిన సంగతి ఆయన ఇంకను మరువలేదు. వారము దినములకు అడ్డుపలకలు దించి నీటిని నిలిపినారు. "ఆ వారం మాకు కంటిమీద కునుకు లేదు. నిండిన కుండకు అడుగున చిల్లి పడినట్లయింది" అన్నాడు.

గేటు పోయిన సంగతి అందరికీ కనబడినది. కనబడకుండ పోవుచున్నది మరియొకటి కలదు. సుమారు 133 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టునట్లు కట్టిన ఆ జలాశయములో ఒండ్రు మేట వేసి, ఇప్పుడు పట్టునది సుమారు 105 మాత్రమే. "కొండ మీద చెట్టు కొట్టి మన్ను తవ్వితే ఆ మన్ను యాడికి పోతుంది? వానకు కొట్టుకొనొచ్చి మా కట్టలోనే పడుతుంది" అని ఆ రైతు తేల్చి చెప్పినాడు.

పక్కనే కూర్చున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఈ మాట అందుకొన్నారు. ఏటి కొరకును కొండ కొరకును సామాన్యులు ఎట్లు నిలబడిరో ఆయన విపులముగా చెప్పినారు. ఆనకట్టకు ఎగువన, హరిహరము ప్రాంతములో, చెట్ల కలపను ఉడికించి రేయాన్ నూలుకు కావలసిన గుజ్జు చేయు పరిశ్రమ వెలసినది. నీరు చెడుచున్నదనియు, చేపలు చచ్చుచున్నవనియు ఏటి పక్క గ్రామములవారు 1980 దశకములో మొర పెట్టుకొన్నారు. ధారవాడలో 1984లో ఏర్పడిన సమాజ పరివర్తన సముదాయము వారికి అండగా నిలిచినది. శ్రీ ఎస్. ఆర్. హిరేమఠ్ ఆ సంస్థకు పెద్దదిక్కు.

ఆ సంవత్సరములలోనే కర్ణాటక పల్ప్‌వుడ్స్ అను కంపెనీ ద్వారా సుమారు 30,000 హెక్టార్ల భూమిలో నీలగిరి చెట్లు వేయుటకు ప్రభుత్వము ఏర్పాటు చేసినది. పల్లెల పశువులు మేసినదియు, బీదలు పుల్లలు ఏరుకొన్నదియు ఆ భూమిలోనే. 1987 నవంబరు 14న కుసనూరు గ్రామములో ప్రజలు గుమిగూడి, కొన్ని నీలగిరి మొక్కలను పీకి, వాటి స్థానములో ప్రజలకు పనికివచ్చు మొక్కలు నాటినారు. "పీకు, నాటు" అను అర్థము వచ్చునట్లు ఆ సత్యాగ్రహమునకు కన్నడములో 'కిత్తికో హచ్చికో' అని పేరు. ప్రసిద్ధ కన్నడ రచయిత శివరామ కారంతుగారు కూడ ఈ విషయమై సుప్రీంకోర్టుకు వెళ్ళినవారిలో ఒకరు. 1991లో ఆ కంపెనీ మూతపడినది. తరువాత 2009లో ఇదే సముదాయము బళ్ళారి ఇనుప గనుల అక్రమములపై సుప్రీంకోర్టు తలుపు తట్టగా, 2011 జూలై 29న బళ్ళారి జిల్లాలో గనుల తవ్వకము నిలిపివేయవలసినదిగా ఆజ్ఞ వచ్చినది.

"పీకడం సులభం. దాని బదులు ఏం నాటాలో తెలిసినవాడే గెలుస్తాడు" అని ఉపాధ్యాయుడు ముగించినారు.

ఇంతవరకు మౌనముగా వినుచున్న ఒక పెద్దమనిషి అప్పుడు నోరు విప్పినాడు. ఆయన వృత్తిరీత్యా చేనేతకారుడు. కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో, మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన సహకార సంఘపు రోజులను చూసినవాడు. మగ్గము దిగి, ఇప్పుడు కూతురి ఇంట ఉన్నాడు.

"అయ్యవారు చెప్పిన గుజ్జు యాడికి పోయింది? నూలై మన మగ్గానికే గదా వచ్చింది! మెరుస్తుందని రేయాన్ పేక మనమూ వేసినాం. ఆ చెట్టు యాడిదని గాని, ఆ నీళ్లు యాడికి పోయినాయని గాని ఒక్కనాడు అడిగినామా? అది పోనీ, దూరం సంగతి. మా ఇంటి సంగతి చెప్తా వినండి" అని ఇట్లు చెప్పినాడు.

"వయసులో ఉన్నప్పుడు చిలపలకు నేనే రంగు వేసేవాణ్ని. పని అయినాక బాన వీధిలోకి వంచేది. కాలవలో పారే రంగు చూసి, ఈ వారం మా మగ్గం మీద ఏ చీర ఉందో వీధి వీధంతా చెప్పేది. అదొక గొప్పగా ఉండేది నాకు. కొన్నేండ్లకు మా పక్క బావి నీళ్లు ఉప్పనైనాయి. ఒకనాడు పక్కింటి అవ్వ కడవ నిండా ఆ నీళ్లు తోడుకొచ్చి మా గడప ముందర పెట్టి పోయింది. తిట్టలేదు, ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ని."

రచ్చకట్ట మీద కొంతసేపు ఎవరును మాటలాడలేదు.

అప్పుడు, తండ్రికి మజ్జిగ తెచ్చిన ఆయన కూతురు నిలబడి ఒక ప్రశ్న వేసినది. చిన్ననాడు ఆ ఇంట కండెలు చుట్టినది ఆమెయే. "నాయనా, ధర్మం సరే. మంచి రంగు కొంటే ఖర్చు ఎక్కువ. ఆ ఎక్కువ ఎవరిస్తారు? షావుకారు కూలి పెంచుతాడా? కొనేవాళ్లు చీర చూస్తారు గాని బావి చూస్తారా?"

సోదరులారా, ఈ అమ్మ అడిగిన ప్రశ్నను తప్పించుకొని ధర్మము బోధించుట న్యాయము కాదు. కూలి చాలని కుటుంబముపై ఏటి భారము కూడ మోపలేము. ఒక ఇల్లు చేయలేని పనిని పది ఇండ్లు కలిసి చేయగలవు. సంఘములు పుట్టినది ఇందుకే కదా! అందువలన తెలిసిన కొన్ని సంగతులను ఇక్కడ వివరించుచున్నాము.

నేడు నూలుకు ఎక్కువగా వాడుచున్న రియాక్టివ్ రంగులకు ఉప్పు, సోడా కావలెను. వేసిన రంగంతయు నూలుకు పట్టదు. మిగిలినది నీటితో పోవును. సున్నము, పటిక వేసి తేర్చినచో రంగు కొంత దిగును గాని, కరిగిన ఉప్పు దిగదు. అవ్వ కడవలోనిది ఆ ఉప్పే కావచ్చును. కనుక ఉప్పును తూకము ప్రకారము వేయుట, ఒకసారి వాడిన నీటిని వీలైనంత వరకు తరువాతి ముదురు రంగుకు వాడుకొనుట మొదటి జాగ్రత్త. దీనివలన ఉప్పు ఖర్చును తగ్గును.

రెండవది రంగు ఎంపిక. కొన్ని ఆజో రంగులు విడిపోయి క్యాన్సరు కలిగించు పదార్థములుగా మారునని తేలినందున జర్మనీ 1994లో వాటిని నిషేధించినది. మన దేశములోను 1997 నాటికి 112 రంగుల వాడకము నిషేధింపబడినది. వాటి కీడు తగులునది కట్టుకొనువారికంటె ముందు బానలో చేయి పెట్టువానికి. సంతలో పొట్లము కట్టి ఇచ్చు పేరులేని పొడి కొనరాదు. తయారీదారు పేరు, ధ్రువపత్రము ఉన్న డబ్బానే కొనవలెను. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

మూడవది చెట్టురంగులు. నీలి, మంజిష్ఠ, దానిమ్మ తొక్క, కరక్కాయ మన పెద్దలు ఎరిగినవే. పెడన, మచిలీపట్నము కలంకారీకి వీటివలననే పేరు వచ్చినది. అయితే చెట్టురంగు అన్నంత మాత్రమున దోషము లేదనుకొనరాదు. రంగు నిలుచుటకు మైలుతుత్తము వంటివి వాడినచో ఆ నీరును విషమే. పటికతో సరిపెట్టుకొనుట మేలు. రసాయనపు రంగు వేసి చెట్టురంగని అమ్ముట, రేయాన్ కలిపి పట్టని అమ్ముట ఏటికి కాకపోయినను మన పేరుకు విషము.

ఇక ధర మాట. నాణ్యతయు, పరిసరములకు హాని లేకుండుటయు కోరుచు 2015 ఆగస్టు 7న కేంద్ర ప్రభుత్వము ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ ప్రారంభించినది. కొనువారు బావిని చూడరన్న మాట నిజమే. కాని బావి సంగతి చెప్పవలసినవారు మనమే. మన బట్ట ఏ నూలు, ఏ రంగు అన్నది చీటీ మీద ఉన్నదున్నట్లు వ్రాసి అమ్మిన సంఘము ఆ పైధరను అడుగుటకు అర్హత సంపాదించును. వచ్చిన పైధర షావుకారు పెట్టెలో ఆగిపోక నేతగానికిని, అద్దకమువానికిని చేరునట్లు సంఘమే లెక్క చూడవలెను.

కావున ప్రతి సంఘము వారును రాబోవు సర్వసభ్య సమావేశములో మూడు విషయములు చర్చకు పెట్టవలెనని కోరుచున్నాము. ఇంటింటి బానలకు బదులు ఉమ్మడి అద్దకపు శాల. రంగులు కలిసి కొనుట. వాడిన నీరు బావుల వైపు, కాలువల వైపు పోకుండ వేరు ఏర్పాటు. ఈ చర్చలో రంగు వేయువారితోపాటు నీరు తోడు స్త్రీలను కూడ కూర్చుండబెట్టవలెను.

తిరుగు ప్రయాణమైనప్పుడు ఆ పెద్దమనిషి గట్టు దాక వచ్చి సాగనంపినాడు. "ఆ అవ్వకు ఏమని చెప్పినారు?" అని అడిగినాము.

"చెప్పేదానికి మొగం లేక కొన్నాళ్లు తప్పించుకొని తిరిగినా. తర్వాత బాన వంచడం మానుకొన్నా. మిగిలిన నీళ్లలోనే మళ్లా నల్ల చిలపలు ముంచేవాణ్ని. రోజూ ఊరవతల మంచినీళ్ల బావి నుంచి ఒక కడవ తెచ్చి ఆమె గడపలో పెట్టేవాణ్ని. ఆమె పోయేదాకా పెట్టినా. అయినా మా బావి మాత్రం తీపి కాలేదప్పా" అన్నాడు.