కరువు చిత్రాల క్రింద వ్రాసిన మాట

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి పడు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్తయు అదనుకు పడునను నమ్మకము లేదు. ఇచ్చటివారికి కరువు కొత్త కాదు గాని, 1876లో, ధాత సంవత్సరమున, మొదలై 1878 వరకు సాగిన కరువు మాట వేరు. అనంతపురము ప్రత్యేక జిల్లా అయినది 1882లో. అప్పటికింకను అది బళ్లారి జిల్లాలోని భాగమే. మద్రాసు రాజధానిలో ఘోరముగా దెబ్బతిన్న సీమలలో బళ్లారి ఒకటి.

ఆ కరువు ఛాయాచిత్రములలో మిగిలినది. మద్రాసు సైన్యములో అధికారియైన విల్లోబీ వాలెస్ హూపర్ రాజధానిలోని క్షామపీడితులను గుంపులుగా కూర్చుండబెట్టి, నిలువబెట్టి చిత్రములు తీసినాడు. ఆనాటి గాజుపలకపై బొమ్మ పడవలెనన్న కొన్ని క్షణములు కదలక ఉండవలెను. నిలువ ఓపిక లేనివారికి అదియు ఒక పనియే! ఒక చిత్రము క్రింద ‘ఉచిత సహాయమునకు అర్హులు’ అను అర్థము వచ్చు ఇంగ్లీషు వాక్యమున్నది. అర్హులనుటకు అందు వాడిన ‘ఆబ్జెక్ట్స్’ అను మాటకు వస్తువులనియు అర్థము కలదు. ఆ మాట ఎవరి నోట ఎట్లు పలికినను, ఆ ముఖములకు మాత్రము పేర్లు లేవు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయపు పనులలోని కూలిని రోజుకు మగవానికి ఒక పౌను ధాన్యము, ఒక అణాగా నిర్ణయించినాడు. రాజధాని ఆరోగ్యాధికారి కార్నిష్ అది చాలదని వాదించినాడు. ఆ లెక్క తెలిసి చూచినచో చిత్రము మారిపోవును. తెలియనిచో అది జాలిగొలుపు దృశ్యము మాత్రమే.

ఆ లెక్కను చిత్రము ప్రక్కన పెట్టవలసినది చరిత్రకారుడు. 1937లో న్యూయార్క్ ఆధునిక కళాప్రదర్శనశాలలో బ్యూమాంట్ న్యూహాల్ నూరేండ్ల ఛాయాచిత్రకళను ఒకచోట చేర్చి ప్రదర్శించినాడు. ఆ ప్రదర్శన పుస్తకమే తరువాత ఆ కళకు పాఠ్యగ్రంథమైనది. అతని ఉపకారము గొప్పది. అయినను అతని కథ ప్రధానముగా ఐరోపా, అమెరికాలది. పరికరముల కథ, కళాకారుల కథ. కెమెరాకు ఎదుట కూర్చున్నవాడు అందులో పాత్ర కాడు.

ఆ లోటును పూరింప పూనుకొన్నవారు తరువాత వచ్చిరి. 1977లో సూసన్ సాంటాగ్, పరుల బాధను చిత్రముగా చూచుటలో ఎంత దూరమున్నదో ప్రశ్నించినది. క్రిస్టఫర్ పిన్నీ 2008లో భారతదేశమునకు ఛాయాచిత్రము వచ్చిన కథ వ్రాసినాడు. 2012లో జాహిద్ చౌదరి హూపర్ కరువు చిత్రములనే ఎదుట పెట్టుకొని, అవి చూపరి మనస్సులో ఎట్టి కరుణను పెంచినవో, దానిలో పాలకుని దృష్టి ఎంత కలిసినదో విచారించినాడు. నూటముప్పది ఏండ్లకుపైగా గడచిన పిమ్మట కూడ ఆ చిత్రములతో పని తీరలేదన్నమాట.

అనంతపురం కరువులను గూర్చి వ్రాసిన పత్రికారచయిత పి. సాయినాథ్ దారి వేరు. 1993 మొదలు 2002 వరకు పది రాష్ట్రములలో గ్రామీణ స్త్రీల పనిని చిత్రించి, వ్యాఖ్యలతో ప్రదర్శన కూర్చినాడు. 2014లో గ్రామీణ భారత ప్రజల భాండాగారము ‘పరి’ని స్థాపించినాడు, అందు తెలుగులోను వ్యాసములు చదువవచ్చును. ఆ స్త్రీల చిత్రములు కళాశాలలలోనే గాక బస్సు నిలయములలో, రైల్వేస్టేషనులలో, కర్మాగారపు ద్వారములయొద్ద, వ్యవసాయకూలీల సభలలో నిలిచినవి. అచ్చట చూడవచ్చిన వారిలో నాట్లు వేసినవారు, ఇటుకలు మోసినవారు ఉండిరి.