లాయల్టీ పథకం: విభాగాల మధ్య లక్ష్యాల ఘర్షణ

పరిచయం

కొనుగోలుదారులు మళ్లీ మళ్లీ తమ వద్దకే వచ్చేలా సంస్థలు అమలుచేసే ప్రోత్సాహక ఏర్పాటును లాయల్టీ పథకం అంటారు. విమానయాన రంగంలో ప్రయాణికుడు కొన్న టిక్కెట్లకు అతని ఖాతాలో 'మైళ్లు' జమ అవుతాయి. తగినన్ని మైళ్లు చేరాక వాటితో టిక్కెట్టు పొందవచ్చు. అమెరికాలో 1978 నాటి చట్టం చార్జీలపైన, మార్గాలపైన ప్రభుత్వ నియంత్రణను తొలగించే దిశగా సాగింది. దానితో పోటీ పెరిగింది. ఆ పోటీలో నిలబడడానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో 'అడ్వాంటేజ్' పథకాన్ని ప్రారంభించింది.

ఇలాంటి పథకాల్లో చేరినవారు తరచు నిరాశ చెందుతారు. యాజమాన్యం పిసినారితనమే కారణమని వారు అనుకోవడం సహజం. అయితే సంస్థలోని విభాగాల పనిని విడివిడిగా పరిశీలిస్తే మరో కారణం కనిపిస్తుంది.

ఒకే పథకం, నలుగురు యజమానులు

(అ) ఆదాయ నిర్వహణ విభాగం: ప్రతి సీటుకూ వీలైనంత ఎక్కువ ధర రాబట్టడం దీని పని. డబ్బుకు అమ్ముడుపోగల సీటును మైళ్లకు ఇవ్వడం దీని లెక్కలో నష్టం.

(ఆ) ఆర్థిక విభాగం: ప్రయాణికులు ఇంకా వాడుకోని మైళ్లు సంస్థ పద్దుల్లో అప్పులాంటి బాధ్యతగా నమోదవుతాయి. ఆ భారాన్ని అదుపులో ఉంచాలని ఇది కోరుకుంటుంది.

(ఇ) లాయల్టీ విభాగం: క్రెడిట్ కార్డులు జారీచేసే బ్యాంకులకు మైళ్లను అమ్ముతుంది. ఈ వ్యాపారం ఎంత విలువైనదంటే, 2021లో అమెరికన్ ఈ పథకాన్నే హామీగా చూపి 1,000 కోట్ల డాలర్ల రుణం సమీకరించింది.

(ఈ) అమ్మకాలు, పంపిణీ విభాగం: టిక్కెట్లు ఏ మార్గంలో అమ్ముడుపోవాలో, దానికి ఎంత ఖర్చు కావాలో చూస్తుంది.

ఎవరి కొలబద్ద ప్రకారం వారు సరిగానే పనిచేస్తున్నారు. కాని ప్రయాణికుడి చేతిలోని మైలు విలువ తగ్గకుండా చూడడం ఎవరి కొలబద్దలోనూ లేకపోతే, విభాగాల మధ్య జరిగే ప్రతి సర్దుబాటు భారమూ ఆ మైలు మీదే పడుతుంది.

ఉదాహరణ: 2024లో అమెరికన్ ఎయిర్‌లైన్స్

ట్రావెల్ ఏజెన్సీలు చాలాకాలంగా ఉమ్మడి రిజర్వేషన్ వ్యవస్థల ద్వారా టిక్కెట్లు అమ్ముతున్నాయి. ఆ వ్యవస్థలకు విమాన సంస్థ రుసుము చెల్లించాలి. ఈ ఖర్చు తగ్గించుకోవడానికి అమెరికన్ 2023లో కొన్ని చార్జీలను పాత వ్యవస్థల నుంచి తొలగించి, తన కొత్త సాంకేతిక మార్గంలోనే అందుబాటులో ఉంచింది. కార్పొరేట్ ఖాతాదారులతో సంబంధాలు నడిపే సిబ్బందినీ తగ్గించింది.

2024 ఫిబ్రవరిలో మరో అడుగు వేసింది. తన వద్ద గాని, భాగస్వామ్య విమాన సంస్థల వద్ద గాని, తాను ఎంపికచేసిన ఏజెన్సీల వద్ద గాని కొన్న టిక్కెట్లకే మైళ్లు ఇస్తామని ప్రకటించింది. కంపెనీ పనిమీద ప్రయాణించే ఉద్యోగిని ఊహించండి. ఏజెన్సీని ఎంపికచేసేది అతని కంపెనీ. ఆ ఏజెన్సీ జాబితాలో లేకపోతే మైళ్లు పోగొట్టుకునేది అతను. ప్రయాణికుడికి ఇచ్చే బహుమానం ఏజెన్సీలను దారికి తెచ్చే కొరడాగా మారిందన్నమాట.

ఏజెన్సీలు, కార్పొరేట్ ఖాతాదారుల నుంచి వచ్చే ఆదాయం దెబ్బతింది. మే 28న సంస్థ తన త్రైమాసిక అంచనాలను తగ్గించి, వాణిజ్య విభాగ ప్రధానాధికారి వాసు రాజా వైదొలగుతున్నట్లు తెలిపింది. మర్నాడే ముఖ్య కార్యనిర్వహణాధికారి రాబర్ట్ ఐసమ్ మైళ్లపై ఆంక్షను ఉపసంహరించారు. ఈ అమ్మకాల వ్యూహం వల్ల ఆ ఏడాది ఆదాయం సుమారు 150 కోట్ల డాలర్ల మేర తగ్గుతుందని జూలైలో సంస్థ అంచనా వేసింది.

గ్రహించవలసిన అంశం

విభాగాల మధ్య ఘర్షణ ఏ పెద్ద సంస్థలోనైనా ఉంటుంది; దాన్ని పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. ఒక అధికారి వెళ్లిపోయినా విభాగాల కొలబద్దలు మారకపోతే అదే సమస్య మరో రూపంలో తిరిగి వస్తుంది. అందువల్ల ఖాతాదారుడి తరఫున 'ఇది కుదరదు' అని చెప్పగల అధికారం సంస్థలో ఒకరికి ఉండాలి. వారి పనితీరును ఆ ఏడాది మిగిల్చిన ఖర్చుతో కాక, ఖాతాదారులు ఎంతకాలం నిలిచారన్న దానితో కొలవాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. వాడుకోని మైళ్లను ఆర్థిక విభాగం భారంగా ఎందుకు చూస్తుంది?
2. మీకు తెలిసిన ఒక సంస్థలో రెండు విభాగాల లక్ష్యాలు ఢీకొన్న సందర్భాన్ని పేర్కొని, ఆ భారం చివరకు ఎవరిపై పడిందో వివరించండి.